రేణిగుంట – హైదరాబాదు: ఆకాశంలో ఎంత దూరం, ఇంటికి ఎంతసేపు?

హైదరాబాదుకు విమానంలో ఎంతసేపు అని మన సంఘ సభ్యులలో ఎవరిని అడిగినా "గంట" అంటారు. తిరుపతిలో సాయంత్రం రైలెక్కితే ఎప్పటికి చేరతామంటే "తెల్లవారేసరికి" అంటారు. రెండు జవాబులూ నిజమే. అయితే మొదటిది రేణిగుంట విమానాశ్రయం నుంచి శంషాబాదు విమానాశ్రయానికి చెప్పిన లెక్క. రెండోది ఊరి నుంచి ఊరికి చెప్పిన లెక్క. ఈ రెంటి మధ్య తేడా ఎలా వచ్చింది, కాలక్రమంలో ఎలా పెరిగింది అన్నది మనలాంటి వయసువారికి తెలిసి ఉండవలసిన విషయమని నాకు తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

సర్వీసులో ఉండగా టి.ఏ. బిల్లు వ్రాయనివారు మనలో ఎవరున్నారు? బయలుదేరిన చోటు, చేరిన చోటు, మధ్య దూరం, అదీ అతి దగ్గరి దారిన. నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వేస్తే ఆడిటు వారి ఎర్రసిరా గీత సిద్ధంగా ఉండేది. మనలో చాలామందికి విమానం ఎక్కే అర్హత హోదారీత్యా ఉండేది కాదు కనుక ఆకాశ దూరం లెక్క కట్టవలసిన అవసరమూ రాలేదు. ఇప్పుడు సంగతి వేరు. కొడుకులూ కూతుళ్లూ హైదరాబాదులోనో బెంగళూరులోనో సముద్రాల అవతలో ఉన్నారు. టికెట్టు వాళ్లే కొని పంపుతారు. ప్రయాణం చేయవలసిన మోకాళ్లు మాత్రం మనవి.

విమానం మాట తరువాత. నేలమీద ఈ దారి ఎలా నడిచేదో ముందుగా చూద్దాం. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకొని హైదరాబాదు చేరారు. పల్లకీ, బోయీలు, పరివారం అన్నీ ఉన్న మనిషి ఆయన. అయినా హైదరాబాదు చేరేసరికి నెల దాటింది. మధ్యలో క్షేత్రదర్శనాలకు ఆగిన రోజులు తీసేసినా వారాల ప్రయాణమే. "కాశీయాత్ర చరిత్ర" చదివినవారికి తెలుసు, ఆయన దారిలో ఊళ్ల గురించి, నీళ్ల గురించి, కనుమల గురించి ఎంత శ్రద్ధగా వ్రాసుకున్నారో. ఆ రోజుల్లో దూరమంటే ఇన్ని మజిలీలు, ఇన్ని ఆమడలు. మజిలీకీ మజిలీకీ మధ్య కొండ ఉంటే ఒక లెక్క, మైదానమైతే మరో లెక్క.

సరళరేఖలో దూరం అనే భావన మన ప్రాంతానికి వచ్చింది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాడు. 1801లో కర్ణాటక నవాబు రాజ్యంతోపాటు చిత్తూరు పాళెగాండ్ర సీమలూ కంపెనీ చేతికి వచ్చాయి. ఆ మరుసటి ఏడే, అంటే 1802లో, విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్, అంటే పరంగిమల, వద్ద ఏడున్నర మైళ్ల పొడవున ఒక ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఆ రేఖమీద ఒక త్రిభుజం, దాని భుజంమీద మరొకటి, ఇలా కొండ శిఖరం నుంచి కొండ శిఖరానికి కోణాలు చూసుకుంటూ పదమూడో అక్షాంశానికి అటూ ఇటూగా పడమటి సముద్రం దాకా లెక్క కట్టుకుపోయాడు. చిత్తూరు పట్టణం ఉన్నది పదమూడుంబావు డిగ్రీల దగ్గరే. కోణాలు చూసే థియోడలైట్ యంత్రం బరువు అర టన్ను. దాన్ని గుట్టలమీదికి మోసిన కూలీల పేర్లు ఏ రికార్డులోనూ కనబడవు. తేలిందేమిటంటే, మద్రాసుకూ మంగుళూరుకూ మధ్య అప్పటి పటాలలో 400 మైళ్లుగా చూపుతున్న దూరం నిజానికి 360 మైళ్లే. నలభై మైళ్ల నేల కాగితంమీద ఎక్కువ పడింది! ఈ పని విస్తరించి దేశమంతటి త్రికోణమితి సర్వే అయింది. మరో విశేషం, లాంబ్టన్ గొలుసు పరచిన ఆ పరంగిమల పక్కనే తరువాత మీనంబాక్కం విమానాశ్రయం వచ్చింది.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. పెన్సిలూ కాగితమూ తీసుకుంటే ఎవరైనా వేయవచ్చు. రేణిగుంట విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 13.63 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 79.54. శంషాబాదు 17.23, 78.43. ఉత్తర దక్షిణాలుగా తేడా 3.6 డిగ్రీలు. మన వైపు అక్షాంశంలో ఒక డిగ్రీకి దాదాపు 110.6 కి.మీ. కనుక 398 కి.మీ. అయింది. తూర్పు పడమరలుగా తేడా 1.11 డిగ్రీలు. ఈ అక్షాంశాల వద్ద రేఖాంశంలో ఒక డిగ్రీకి సుమారు 107 కి.మీ. వస్తుంది కనుక దాదాపు 120 కి.మీ. ఇక హైస్కూల్లో నేర్చుకున్న లంబకోణ త్రిభుజమే. 398 వర్గమూ 120 వర్గమూ కలిపి వర్గమూలం తీస్తే 415 చిల్లర వస్తుంది. భూమి గుండ్రంగా ఉన్నందుకు ఇంత చిన్న దూరంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. విమానం నడిపేవారు దీన్నే 224 నాటికల్ మైళ్లు అంటారు. వారి మైలు 1,852 మీటర్లు. అది డిగ్రీలో అరవయ్యో వంతు నుంచి పుట్టింది కాబట్టి పటంమీద కొలుచుకోవడానికి వారికి సుళువు.

రైలు దారి ఇంత సూటిగా పోదు. రేణిగుంట ముందునుంచీ రైళ్ల ఊరు. మద్రాసు నుంచి రాయచూరు దాకా వేసిన మద్రాసు రైల్వే లైను 1871లో బొంబాయి వైపునుంచి వచ్చిన లైనుతో కలిసినప్పటినుంచి ఇది పెద్ద దారిమీదే ఉంది. అయినా ఇక్కడినుంచి హైదరాబాదు చేరాలంటే పడమటి వైపు చుట్టయినా తిరగాలి, గూడూరు మీదుగా కోస్తా చుట్టయినా తిరగాలి. గూడూరు, గుంటూరు, నల్లగొండల మీదుగా పోయే నారాయణాద్రి దారిన 660 కి.మీ. ఆకాశంలోని 415కు ఇది ఒకటిన్నర రెట్ల పైన. మధ్యలో నల్లమల అడ్డుగా ఉన్నందుకు మనం కట్టే సుంకం ఇది.

మన ఆకాశంలో విమానం చప్పుడు మొదట ఎప్పుడు వినబడి ఉంటుంది? 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా విమానం నడిపిన సంగతి అందరికీ తెలుసు. బొంబాయి నుంచి ఆ టపాను ముందుకు తీసుకుపోయినది ఆయన సహచరుడు నెవిల్ విన్‌సెంట్. ఆ దారి బళ్ళారి మీదుగా మద్రాసుకు. బళ్ళారి అప్పుడు మన దత్తమండలాలలోనిదే. పటంమీద బళ్ళారికీ మీనంబాక్కానికీ మధ్య స్కేలు పెట్టి గీత గీసి చూడండి. ఆ గీత దాదాపు చంద్రగిరి కోట పక్కగా పోతుంది. ఒక్క మనిషి నడిపే చిన్న పుస్ మోత్ విమానం, నేలమీది గుర్తులు చూసుకుంటూ పోవలసిన కాలం. శేషాచలం వరుసకంటే మంచి గుర్తు ఆ నడిపేవారికి ఇంకేం దొరుకుతుంది? మనవాళ్లు తలెత్తి చూశారో లేదో గాని, మన జిల్లా మీదుగా విమానం దారి ఆనాటినుంచే ఉందని అనుకోవడంలో తప్పులేదు.

హైదరాబాదులో 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. యుద్ధం తరువాత చవకగా దొరికిన డకోటా విమానాలే అప్పటి కంపెనీలన్నింటికీ ఆధారం. బేగంపేట, మీనంబాక్కాల మధ్య గీత శ్రీకాళహస్తికి కొంచెం తూర్పుగా పోతుంది. అంటే విమానం మన పక్కనుంచే వెళ్లేది, దిగేది మాత్రం కాదు. 1953 ఆగస్టు 1న దక్కన్‌తో సహా ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. ఆ తరువాత కూడా ఇరవై ఏళ్లకు పైగా తిరుపతి యాత్రికుడు విమానంలో రావాలంటే మద్రాసులో దిగి కారో బస్సో రైలో పట్టవలసిందే.

1976లో రేణిగుంట విమానాశ్రయం ప్రారంభమైంది. స్థలం అక్కడ ఎందుకని కొందరు అడుగుతుంటారు. తిరుపతికి ఉత్తరాన కొండ గోడలా నిలబడి ఉంది. తిరుమల ఎత్తు సముద్రమట్టానికి సుమారు 850 మీటర్లు. విమానాశ్రయం ఎత్తు 107 మీటర్లు. పదిహేను కిలోమీటర్లు తూర్పుకు జరిగితే గాని నేల చదునుగా, ఆకాశం తెరిపిగా దొరకదు. రన్‌వేను కూడా తూర్పు పడమరలుగా వేశారు. దాని కొసలమీద 08 అని, 26 అని అంకెలుంటాయి. అంటే దిక్సూచిలో సుమారు 80, 260 డిగ్రీలు. హైదరాబాదు విమానం వచ్చేది ఉత్తరం నుంచి. దిగవలసింది తూర్పుకో పడమరకో ముఖం పెట్టి. అందువల్ల మన ఊరి దీపాలు కనబడ్డాక కూడా విమానం ఒక చుట్టు తిరిగి గాని నేలకు దిగదు. ఇంత దగ్గరికొచ్చి మళ్లీ ఎక్కడికి పోతున్నాడని మొదటిసారి ఎక్కినవారు కంగారుపడడం సహజమే. స్వామివారి ఆనందనిలయం మీదుగా విమానాలు పోరాదన్న భక్తుల మనోభావం కూడా ఉన్నదే. తిరుమల దేవస్థానం వారు ఈ విషయమై కేంద్రాన్ని పలుమార్లు కోరారు.

ఆ రోజుల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ చిన్న ఊళ్లకు వాడినవాటిలో కాన్పూరులో తయారైన ఆవ్రో విమానం ముఖ్యమైనది. గంటకు 450 కి.మీ. వేగం. బేగంపేట నుంచి రేణిగుంటకు సరళరేఖలో 438 కి.మీ. కనుక అంతా పూర్తి వేగంతో పోయినా దాదాపు గంట. ఇప్పటి ఏటీఆర్ గంటకు 500 పైన పోతుంది. దానికి శంషాబాదు నుంచి యాభై నిమిషాలు చాలాలి. జెట్ విమానం 800 పోతుంది, అరగంట చాలాలి. మరి టైంటేబులులో ఇప్పటికీ గంట, గంటంబావు అని ఎందుకు వేస్తున్నారు? ఎందుకంటే ఆ కాలం తలుపు మూసి విమానం కదిలినప్పటినుంచి అవతల ఆగేదాకా. నేలమీద మెల్లగా నడక, రన్‌వే దగ్గర వరుసలో నిరీక్షణ, పైకి ఎక్కడం, దిగడం, నిర్ణీత వాయుమార్గాల మలుపులు అన్నీ అందులోనివే. జెట్ పూర్తి వేగం అందుకుని సర్దుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి. ఇంత తక్కువ దూరంలో వేగానికి పెద్ద విలువ లేదు. యాభై ఏళ్లలో విమానం వేగం దాదాపు రెట్టింపయినా ప్రయాణికుడికి దక్కినది కొద్ది నిమిషాలే.

ఇక అసలు మార్పు 2008లో వచ్చింది. ఆ ఏడు మార్చి 23 నుంచి బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగి శంషాబాదుకు మారాయి. శంషాబాదు బేగంపేటకు దక్షిణాన, అంటే మన వైపే, ఉంది. కాబట్టి రేణిగుంట నుంచి ఆకాశ దూరం 438 నుంచి 415కు తగ్గింది. కాగితంమీద ఇరవై మూడు కిలోమీటర్ల లాభం! విమానానికి రెండు మూడు నిమిషాలు కలిసొచ్చాయి. సికింద్రాబాదులో కూతురి ఇల్లు ఉన్నవారికో? బేగంపేటలో దిగితే ఆటోలో పది పదిహేను నిమిషాల్లో ఇంటి ముందు ఉండేవారు. శంషాబాదు నుంచి ఊరంతా దాటుకొని ముప్పై కిలోమీటర్ల పైన రావాలి. 2009 అక్టోబరులో మెహిదీపట్నం వైపునుంచి పి.వి. నరసింహారావు పేరిట పదకొండు కిలోమీటర్లకు పైగా ఎత్తు రోడ్డు తెరిచాక కొంత ఊరట కలిగింది. అయినా విమానంలో కూర్చున్నంతసేపు మళ్లీ కారులో కూర్చోవడం చాలామందికి అనుభవమే. ఊరు పెరిగితే విమానాశ్రయం బయటికి పోక తప్పదు, అది వేరే మాట. కాని దూరం తగ్గిందని చెప్పే అంకె ఎవరి దూరాన్ని చెబుతోందో చూసుకోవాలి.

ఆ 2008లోనే మే 24న బెంగళూరులోనూ హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం నుంచి దేవనహళ్ళికి మార్పు జరిగింది. అక్కడి నగరవాసులు గొణిగారు గాని, మన చిత్తూరు జిల్లావారికి అది మేలే అయింది. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పోయి హొసకోట దగ్గర ఉత్తరానికి తిరిగితే ఊళ్లోకి పోకుండానే విమానాశ్రయం చేరవచ్చు.

చిత్తూరు పేరు చెప్పినప్పుడు ఒక విషాదాన్ని దాటిపోలేను. 2009 సెప్టెంబరు 2 ఉదయం 8 గంటల 38 నిమిషాలకు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి హెలికాప్టరులో మన జిల్లాకు బయలుదేరారు. రచ్చబండ కార్యక్రమం ఇక్కడే మొదలుపెట్టవలసి ఉంది. బేగంపేట నుంచి చిత్తూరుకు సరళరేఖలో దాదాపు 474 కి.మీ., హెలికాప్టరుకు రెండు గంటల దారి. మధ్యలో నల్లమల. వానా మబ్బూ కమ్మిన ఆ ఉదయం అడవిమీద ఉండగానే సంబంధాలు తెగిపోయాయి. మరునాడు పావురాలగుట్ట దగ్గర శకలాలు, ఐదుగురి భౌతికకాయాలు దొరికాయి. రైలు చుట్టు తిరిగిపోయే అడవినే గాలిదారి సూటిగా దాటుతుంది. ఆ సూటిదనంలో కూడా ప్రమాదం ఉంటుందని ఆ రోజు చిత్తూరులో ఎదురుచూస్తూ నిలబడినవారికి తెలిసింది.

2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో విశాఖపట్నం, విజయవాడలతోపాటు తిరుపతి విమానాశ్రయాన్ని అంతర్జాతీయ స్థాయికి విస్తరించే సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని వ్రాశారు. రేణిగుంటలో కొత్త టెర్మినలుకు 2010లో పునాది పడింది. 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు దాన్ని ప్రారంభించారు. అదే రోజు అమరావతి శంకుస్థాపన కూడా జరిగింది. 2017లో అంతర్జాతీయ విమానాశ్రయంగా ప్రకటన వచ్చింది. పొరుగున కడపలో 2015 జూన్ 7న విమానాశ్రయం తెరిచారు. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్ల విమానాల పథకం ఉడాన్ కింద నడిచిన తొలి సర్వీసులలో కడప – హైదరాబాదు ఒకటి.

బోర్డుమీద అంతర్జాతీయం అని వ్రాసినంత మాత్రాన విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి పోయేవారి దారి మారదు. వారు మద్రాసు వైపో బెంగళూరు వైపో చూస్తూనే వచ్చారు. పటంమీద కొలిస్తే చిత్తూరు పట్టణానికి రేణిగుంట 66 కి.మీ., మీనంబాక్కం 118, దేవనహళ్ళి 151. రోడ్డుమీద ఇవి ఇంకా పెరుగుతాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి కొసకు పోతే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మదనపల్లెకు రేణిగుంట 113 అయితే దేవనహళ్ళి 94. కుప్పానికి రేణిగుంట 160 పైన, దేవనహళ్ళి 85. ఒకే జిల్లాగా ఒకే కలెక్టరు కింద ఎన్నో ఏళ్లు పనిచేసిన మనకే తూర్పువారి విమానాశ్రయం ఒకటి, పడమటివారిది మరొకటి.

చివరగా, చిత్తూరులో ఇల్లు ఉన్న ఒక పెన్షనరు హైదరాబాదులో కొడుకు ఇంటికి పోవడానికి పట్టే కాలం చూద్దాం. రేణిగుంటకు ఎనభై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు, రెండు గంటలు. విమానానికి గంటన్నర, రెండు గంటల ముందే చేరాలి. విమానంలో గంటంబావు. దిగి, సామాను కోసం, చక్రాల కుర్చీ కోసం ఆగి బయటపడేసరికి అరగంట. అక్కడినుంచి ఇల్లు గంట, రద్దీ ఉంటే గంటన్నర. మొత్తం ఆరుంబావు నుంచి ఏడుంబావు గంటలు. ఇందులో గాలిలో గడిచినది ఆరో వంతు. 2023 ఏప్రిల్ 8న మొదలైన వందే భారత్ తిరుపతి, సికింద్రాబాదుల మధ్య 660 కి.మీ. దూరాన్ని ఎనిమిదిన్నర గంటల్లో చేర్చింది. తిరుపతి ఊళ్లో ఉన్నవారికి, సికింద్రాబాదులో దిగవలసినవారికి విమానానికీ దానికీ తేడా మూడు నాలుగు గంటలే. కాళ్లు చాపుకొని లేచి నడవగలిగే వెసులుబాటు రైలుకు ఎక్కువ. గుండెకో కంటికో ఆపరేషను ఉండి తొందరగా చేరవలసినవారి సంగతి వేరు. వారికి ఆ మూడు గంటలే ముఖ్యం, విమానమే మేలు. తక్కినవారు టికెట్టు కొనేముందు పిల్లలతో "విమానం ఎంతసేపు" అని కాకుండా "గడప నుంచి గడపకు ఎంతసేపు" అని అడిగి చూడండి. పగటి విమానమా, రాత్రి విమానమా అన్నది కూడా చూసుకోండి. అర్ధరాత్రి శంషాబాదులో దిగితే రోడ్డు ఖాళీగా ఉంటుంది గాని నిద్ర పాడవుతుంది.

1976 తరువాతి తొలి సంవత్సరాలలో రేణిగుంటలో విమానం ఎక్కిన సభ్యులుగాని, అక్కడ ఉద్యోగం చేసినవారుగాని ఉంటే, ఆనాటి టికెట్టుమీది వేళలు, చార్జీలు, దిగిన ఊళ్లు గుర్తున్నంతవరకు వ్రాసి సంఘ కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాను. పాత టికెట్టు అడుగు ముక్క ఎవరి పెట్టెలోనైనా దొరికితే మరీ మంచిది.